స్టీరింగ్‌లో ‘ఆట’ ఎక్కడ దాక్కుంటుంది?

పాత నలుపు తెలుపు సినిమాల్లో హీరో కారు నడిపే సన్నివేశం గుర్తుందా? వెనుక తెర మీద రోడ్డు తిన్నగా పోతుంటుంది. హీరో మాత్రం స్టీరింగును ఎడమకూ కుడికీ ఊపుతూనే ఉంటాడు. ఇప్పటి పిల్లలు అది చూసి నవ్వుతారు. నిజానికి ఆ కాలపు బండ్లు నడిపినవాళ్ళకు అందులో అంత నవ్వాల్సింది ఏమీ కనిపించదు. అరిగిన స్టీరింగు ఉన్న బండిని తిన్నటి రోడ్డు మీద తిన్నగా నడపాలంటే చేతులు అలా ఆడుతూనే ఉండాలి.

మెకానిక్కులు దీన్ని ‘ప్లే’ అనో, ‘లూజు’ అనో, అచ్చంగా ‘ఆట’ అనో అంటారు. స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు కదలకుండా ఉండే ఆ కాస్త ఖాళీయే ఆట. ఏ బండిలోనైనా ఇది కొంత ఉంటుంది, ఉండాలి కూడా. ఎంత వరకు ఉండొచ్చో మన చట్టమే చెబుతోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 98వ నియమం ప్రకారం స్టీరింగు చక్రం దగ్గర ఆట 30 డిగ్రీలు దాటకూడదు. ముప్పై డిగ్రీలు వినడానికి చిన్నగానే ఉంటుంది. పాత జీపుల్లో, పికప్పుల్లో స్టీరింగు చక్రం అడ్డంగా సుమారు 43 సెం.మీ. ఉంటుంది. దాని అంచు మీద 30 డిగ్రీలంటే 11 సెం.మీ. పైనే. అంటే చట్టం గీసిన గీత చాలా ఉదారమైనది. అంత ఆట ఉన్న బండిని ఘాట్ రోడ్డు మీదికి తీసుకెళ్ళడానికి అనుభవమున్న డ్రైవరు ఎవరూ ఇష్టపడరు. బాగున్న పాత స్టీరింగులో ఆట అంగుళానికి మించదు.

ఆ ఖాళీ ఎక్కడి నుంచి వస్తుందో, ఎలా పోగొట్టాలో చూడటానికి ఒక బండిని తీసుకుందాం. మన దేశంలో పాత పికప్ అనగానే తట్టేది విల్లీస్ జీపు వంశమే. రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టిన ఆ జీపును మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టింది. ఎత్తయిన బానెట్ ఉన్న సీజే-3బీ నమూనా తయారీ అమెరికాలో 1968లో ఆగిపోయినా, ఇక్కడ దాని రూపం దశాబ్దాల పాటు కొనసాగింది. ఆ ఛాసిస్‌నే పొడిగించి, వెనుక తొట్టి బిగించి సరుకులకూ మనుషులకూ వాడుకున్నారు. అరకు, పాడేరు వైపు ఏజెన్సీ దారుల్లో సంతకు వెళ్ళే జనాన్ని, మూటలను మోసినవి చాలావరకు ఈ వంశపు బండ్లే. ఇప్పుడు వాటిలో కొన్ని కొత్త జీవితం కోసం షెడ్లకు చేరుతున్నాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయని సొంత వాహనాన్ని ‘వింటేజ్’గా నమోదు చేసుకోవచ్చు. దానికి ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. రోజువారీ తిరుగుళ్ళకు, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనకైనా, ర్యాలీకైనా రోడ్డెక్కితే మాత్రం స్టీరింగు సరిగ్గా ఉండి తీరాలి.

బలం పెంచినచోటే ఖాళీ కూడా పెరుగుతుంది

ఈ పికప్‌లో పవర్ స్టీరింగ్ లేదు. నిలబడి ఉన్న బండి ముందు చక్రాలను నేల మీద తిప్పాలంటే చాలా బలం కావాలి. ఆ బలాన్ని మనిషి చేతులే ఇవ్వాలి కాబట్టి మధ్యలో స్టీరింగ్ బాక్సు పెట్టారు. స్టీరింగు చక్రం సుమారు 12 డిగ్రీలు తిరిగితే బాక్సు కింద వేలాడే పిట్‌మన్ ఆర్మ్ ఒక డిగ్రీ తిరుగుతుంది. ఆ ఆర్మ్ పొడవు 15 సెం.మీ. అనుకుందాం. స్టీరింగు చక్రం వ్యాసార్ధం 21.5 సెం.మీ. లెక్క కడితే, చేతులు వేసిన బలం పిట్‌మన్ ఆర్మ్ చివర దాదాపు 17 రెట్లవుతుంది, రాపిడి నష్టాలను పక్కన పెడితే.

మీట సూత్రం ఒక చేత్తో ఇచ్చినదాన్ని రెండో చేత్తో తీసుకుంటుంది. బలం 17 రెట్లు పెరిగితే కదలిక 17 రెట్లు తగ్గుతుంది. దాన్ని వెనక్కి తిప్పి చదివితే మన సమస్య బయటపడుతుంది. పిట్‌మన్ ఆర్మ్ చివర ఉన్న కీలులో ఒక్క మిల్లీమీటరు ఖాళీ ఉంటే, స్టీరింగు చక్రం అంచు మీద అది 17 మి.మీ. అవుతుంది. ఈ బండిలో స్టీరింగు చక్రం నుంచి రోడ్డు చక్రాల దాకా పదికి పైగా అతుకులున్నాయి. వాటిలో నాలుగింటిలో అర మిల్లీమీటరు చొప్పున అరుగుదల ఉందనుకోండి. విడివిడిగా చూస్తే ఏదీ కంటికి ఆనదు. అన్నీ కలిసి చేతుల దగ్గర మూడు సెంటీమీటర్లు దాటుతాయి. అందుకే ‘ఏ భాగం పోయింది?’ అన్న ప్రశ్నకు చాలాసార్లు ఒక్క జవాబు ఉండదు.

చక్రాల వైపు నుంచి చూస్తే అసలు ప్రమాదం అర్థమవుతుంది. ముందు చక్రాల దగ్గర అర డిగ్రీ ఖాళీ ఉందనుకుందాం. గుంతో, రోడ్డు వాలో చక్రాలను ఆ అర డిగ్రీ పక్కకు నెట్టింది. రెండు ఇరుసుల మధ్య దూరం 2.3 మీటర్లున్న బండి అప్పుడు సుమారు 264 మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తం మీద పోవడం మొదలుపెడుతుంది. గంటకు 20 కి.మీ. వేగంలో ఒక సెకనులో అది దారి తప్పేది ఆరు సెంటీమీటర్లే, డ్రైవరు గమనించేలోపు సర్దుకుంటుంది. గంటకు 60 కి.మీ. వేగంలో అదే సెకనులో అర మీటరు పైన తప్పుతుంది. రెండు సెకన్లు పట్టించుకోకపోతే రెండు మీటర్లు దాటుతుంది. వేగం మూడు రెట్లయితే పక్కకు జరిగే దూరం తొమ్మిది రెట్లవుతుంది. పొలం గట్ల మీద ఏళ్ళ తరబడి బుద్ధిగా నడిచిన బండి హైవే ఎక్కగానే భయపెట్టడానికి కారణం ఇదే. బండి మారలేదు, వేగం మారింది.

ఒకరు తిప్పాలి, ఒకరు చూడాలి

ఆటను వెతకడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, ఒక టార్చి లైటు చాలు. బండిని చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్ళు పెడతారు. ఇంజిన్ ఆపేస్తారు. బండిని జాకీ మీద ఎత్తకూడదు. చక్రాల మీద బరువు ఉంటేనే అతుకుల మీద నిజమైన భారం పడుతుంది, ఖాళీ కనిపిస్తుంది. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగును చక్రాలు కదలనంత మేరకు మాత్రమే ఇటూ అటూ ఊపుతారు. రెండోవారు కింద పడుకుని ఒక్కొక్క అతుకు మీద చెయ్యి వేసి చూస్తారు.

“తిప్పరా... ఆగు. ఇప్పుడు మెల్లగా అటు.”

“కదిలిందా అన్నా?”

“ఇక్కడ వస్తోంది, అక్కడికి పోవట్లేదు. మళ్ళీ తిప్పు.”

ఏ షెడ్డులోనైనా వినిపించే ఈ మాటల్లోనే పరీక్ష పద్ధతంతా ఉంది. ప్రతి అతుకులోనూ ఒక పక్క నుంచి కదలిక లోపలికి వస్తుంది, రెండో పక్క నుంచి బయటికి పోతుంది. వచ్చినంతా పోతే ఆ అతుకు బాగున్నట్లు. వచ్చింది, పోయింది ఒకటి కాకపోతే తేడా అక్కడే ఉన్నట్లు. చూపు కంటే వేలు నమ్మదగినది. కీలుకు అటూ ఇటూ ఉన్న రెండు భాగాలను ఒకే వేలితో తాకితే పావు మిల్లీమీటరు ‘టక్’మనడం కూడా తెలుస్తుంది.

మొదట చూడాల్సింది ఎవరూ అనుమానించనిది. స్టీరింగ్ బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులైతే, స్టీరింగు తిప్పినప్పుడు ముందు బాక్సే కదులుతుంది. ఈ వంశపు జీపుల్లో బాక్సు బిగించిన చోట ఛాసిస్ ఇనుము చీలడం కూడా అరుదేమీ కాదు. గ్రీజు, మట్టి పేరుకుపోయి ఆ చీలిక కనిపించదు. కిరోసిన్‌తో కడిగి చూడాలి. దీన్ని వదిలేసి మిగతావన్నీ కొత్తవి వేసినా బండి తీరు మారదు.

అక్కడి నుంచి పిట్‌మన్ ఆర్మ్, దాన్నుంచి ముందుకు పోయే డ్రాగ్ లింక్. డ్రాగ్ లింక్ ఒక గొట్టం. దాని రెండు చివరల్లో గుండ్రటి బంతి తలలు, వాటిని రెండు వైపుల నుంచి పట్టే గిన్నెలు, వెనుక స్ప్రింగులు ఉంటాయి. రోడ్డు దెబ్బలు నేరుగా చేతులకు తగలకుండా ఆ స్ప్రింగులు కాస్త మింగుతాయి. చివరన మర బిరడా ఉంటుంది. దాన్ని పూర్తిగా బిగించి, తర్వాత ఏ చివర అన్నదాన్ని బట్టి అర చుట్టు నుంచి ఒక చుట్టు వరకు వెనక్కి వదిలి స్ప్లిట్ పిన్ను వేస్తారు. మొత్తం బిగించి వదిలేస్తే బంతి తిరగదు, మలుపులో స్టీరింగు పట్టేస్తుంది. ఎక్కువ వదిలితే ఆట మళ్ళీ మొదటికొస్తుంది.

డ్రాగ్ లింక్ అవతలి చివర బెల్ క్రాంక్ ఉంటుంది. ఈ పేరు వెనుక ఒక చిన్న కథ ఉంది. పాత ఇంగ్లీషు భవంతుల్లో యజమాని గదిలో తాడు లాగితే వంటింట్లో గంట మోగేది. ఆ తీగ గోడ మూల తిరగడానికి వాడిన వంకర మీటే బెల్ క్రాంక్. జీపులోనూ దాని పని అదే. పిట్‌మన్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. చక్రాలకు కావలసింది పక్కలకు కదలిక. ఆ దిశను మార్చేది ముందు అడ్డకమ్మీ మీద నిలువు పిన్ను చుట్టూ తిరిగే ఈ మీట. దానికి రెండు వైపులా టై రాడ్లు తగిలి, చెరో చక్రానికీ పోతాయి. బంపరు వెనుక, బురదకు దగ్గరగా ఉండటం వల్ల గ్రీజు అందక ముందుగా అరిగేది ఇదే. పిన్ను అరిగితే బెల్ క్రాంక్ తిరగడానికి బదులు పక్కకు వాలుతుంది. జీపు స్టీరింగు లూజయిందంటే పాత మేస్త్రీలు మొదట ఇక్కడే చెయ్యి పెడతారు. చాలాసార్లు వాళ్ళ అంచనా తప్పదు.

గ్రీజు చేసే పని, మట్టి చేసే పని

ఉక్కు మీద ఉక్కు కదిలితే ఎంత అరుగుతుందో 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్చర్డ్ ఒక తేలికైన సూత్రంగా చెప్పాడు. అరిగిపోయే పదార్థం మీద పడే భారానికీ, జారిన దూరానికీ అనులోమంగా, మెత్తటి ఉపరితలం గట్టిదనానికి విలోమంగా ఉంటుంది. స్టీరింగు కీళ్ళలో జారే దూరం చాలా తక్కువ. ఉపరితలాలను వేడి ప్రక్రియతో గట్టిపరుస్తారు. మధ్యలో గ్రీజు ఉంటే అసలు ఉక్కును ఉక్కు తాకదు. ఈ లెక్కన ఆ కీళ్ళు చాలా ఏళ్ళు బతకాలి.

మట్టి ఆ లెక్క తప్పిస్తుంది. రోడ్డు దుమ్ములో ఎక్కువ భాగం క్వార్ట్జ్ రేణువులే. వాటి గట్టిదనం గట్టిపరచిన ఉక్కుతో పోటీ పడేంత ఉంటుంది. రబ్బరు టోపీ చిరిగిన కీలులోకి అవి చేరాయంటే గ్రీజు కాస్తా సానబట్టే ముద్దలా మారుతుంది. పైనున్న గట్టి పొర పోయేదాకా అరుగుదల నెమ్మదిగా సాగుతుంది. ఆ పొర దాటి లోపలి మెత్తటి ఉక్కు తగలగానే వేగం అందుకుంటుంది. ఖాళీ పెరిగాక దెబ్బలు కూడా తోడవుతాయి. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, నెల రోజుల్లో ఇలా అయింది’ అని డ్రైవర్లు చెప్పేది అబద్ధం కాదు. 98వ నియమంలో బంతి కీళ్ళన్నిటికీ రబ్బరు టోపీలు ఉండాలని ప్రత్యేకంగా రాయడానికి కారణమూ ఇదే. చట్టం చదివేవాళ్ళకు అదో చిన్న వివరంలా కనిపిస్తుంది. కింద పడుకుని చూసేవాళ్ళకు అందులో సగం జబ్బు కనిపిస్తుంది.

అరిగిన బంతి మీద వెల్డింగు ముద్ద వేసి సానబట్టడం రోడ్డు పక్కన జరిగే చౌక వైద్యం. ఇంతకంటే ప్రమాదకరమైన పని మరొకటి లేదు. ఆర్మ్‌లు, బంతి తలలు కొలిమిలో సాగగొట్టి, వేడి ప్రక్రియతో బలపరచిన ఉక్కు. వెల్డింగు వేడి తగిలిన చోట ఆ బలం చెదురుతుంది. పక్కనే పెళుసైన పొర ఏర్పడుతుంది. అది వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. ఇంజిన్ ఆగితే బండి నిలబడుతుంది, స్టీరింగు కీలు విరిగితే అలా నిలబడదు.

కొత్త టై రాడ్ ఎండ్ వేసేటప్పుడు మరో సంగతి చూడాలి. దాని కాడ కొద్దిగా సన్నబడుతూ పోయే శంకువు ఆకారంలో ఉంటుంది. అదే వాలున్న రంధ్రంలో బిగుసుకుని రాపిడి బలంతోనే నిలుస్తుంది. నట్టు పని దాన్ని లోపలికి లాగడం మాత్రమే. పాతది చాలాకాలం లూజుగా ఆడి ఉంటే ఆర్మ్‌లోని రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారి ఉంటుంది. అందులో కొత్త కాడ పూర్తిగా ఆనదు. భాగం కొత్తదే, ఆట మాత్రం పాతదే.

బ్రేకు తొక్కి తేల్చే లెక్క

ఇప్పుడు జాకీ వంతు. ముందు ఇరుసును ఎత్తి, కింద గట్టి స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపుతారు. కదిలితే అది చక్రం బేరింగు కావచ్చు, కింగ్ పిన్ కావచ్చు. రెండింటికీ కదలిక ఒకేలా ఉంటుంది. విడదీసే ఉపాయం ముచ్చటగా ఉంటుంది. సీట్లో ఉన్నవారిని బ్రేకు తొక్కి పట్టమంటారు. బ్రేకు పడగానే డ్రమ్ము, దాని వెనుకనున్న పలక ఒక్కటైపోతాయి. వాటి మధ్యనున్న చక్రం బేరింగు ఆట అక్కడితో పోతుంది. అయినా టైరు ఊగుతుంటే తప్పు కింగ్ పిన్‌దే.

జీపు ఇరుసు చివర పెద్ద ఇనుప గోళం, దాని మీద పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు ఉంటాయి. చక్రం ఎడమకూ కుడికీ తిరిగేది వీటి మీదే. ఇవి పూర్తి చుట్టు ఎప్పుడూ తిరగవు. బండి జీవితంలో ఎక్కువ కాలం తిన్నగానే పోతుంది కాబట్టి రోలర్లు అదే చోట నిలబడి రోడ్డు దెబ్బలు తింటాయి. క్రమంగా బేరింగు గిన్నెలో సన్నటి గుంటలు పడతాయి. అప్పుడు లూజుకు బదులు మరో లక్షణం వస్తుంది. తిన్నటి స్థానంలో స్టీరింగు ఒక గాడిలో పడ్డట్టు ఆగుతుంది, కాస్త బలం పెడితే దాటి అవతలికి దూకుతుంది. ఈ బేరింగులను మార్చాల్సిందే. బాగున్నవైతే పై మూత కింద ఉండే పలచటి షిమ్‌లు తీసి లేదా వేసి బిగువు సరిచేస్తారు. ఆ బిగువును స్ప్రింగు త్రాసుతో లాగి కొలుస్తారు, కంటి అంచనాతో వదిలేయరు.

ముందు కమాను కట్టల సంగతీ మరచిపోకూడదు. వాటి యూ-బోల్టులు, చివరి పిన్నులు వదులైతే ఇరుసే ఛాసిస్ కింద పక్కకు జరుగుతుంది. చేతికి అది అచ్చం స్టీరింగు ఆటలాగే తెలుస్తుంది. టైర్లలో గాలి తక్కువైనా అంతే. ఖర్చు లేనిది కనుక గాలి చూసుకోవడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

చివరగా బాక్సు

చాలా షెడ్లలో స్టీరింగు లూజంటే మొట్టమొదట స్పానరు పెట్టేది బాక్సు మీది మర మీదే. అందుబాటులో ఉంటుంది, రెండు నిమిషాల పని, ఆట వెంటనే తగ్గినట్టు అనిపిస్తుంది. నిజానికి ఇది చివర ముట్టుకోవాల్సిన భాగం. ఎందుకో తెలియాలంటే లోపల ఏముందో చూడాలి.

ఈ బాక్సును రూపొందించింది అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1906లో డేవిడ్ రాస్ స్థాపించిన కంపెనీ. పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని ప్రసిద్ధ స్టేడియం పేరులో సగం ఆయనదే. స్టీరింగు కడ్డీ చివర మరలాంటి గాడి ఉన్న కామ్ ఉంటుంది. ఆ గాడిలో రెండు మొనదేలిన మేకులు దిగి ఉంటాయి. అవి ఒక మీటకు బిగించినవి. స్టీరింగు తిరిగితే గాడి మేకులను నెడుతుంది, మీట తిరుగుతుంది, దాని ఇరుసు చివరనున్న పిట్‌మన్ ఆర్మ్ ఊగుతుంది.

అసలు తెలివి గాడి లోతులో ఉంది. తిన్నగా పోయే స్థానంలో గాడిని కావాలనే కాస్త తక్కువ లోతుగా చెక్కారు. అక్కడ మేకులు బిగువుగా ఆనుతాయి, అటూ ఇటూ పోయేకొద్దీ కొద్దిగా వదులవుతాయి. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది కాబట్టి అరుగుదల మధ్యలోనే ఎక్కువ. గాడి అంతటా ఒకే లోతు ఉండి ఉంటే, మధ్యలో అరిగిన మేరకు బిగించినప్పుడు అరగని చివరల్లో స్టీరింగు పట్టేసేది. మధ్యలో ముందే ఎత్తు ఉంచడం వల్ల అరిగిన తర్వాత కూడా బిగించుకునే అవకాశం మిగులుతుంది. వయసు మళ్ళాక ఏమవుతుందో ఊహించి పుట్టినప్పుడే సర్దిపెట్టిన ఏర్పాటు ఇది. మలుపు చివరల్లో కొంత ఆట ఉంటే అది లోపం కాదు, తయారీదారు ఉద్దేశించినదే.

కాబట్టి సరిచేసే క్రమం కూడా దానికి తగ్గట్టే ఉండాలి. పిట్‌మన్ ఆర్మ్ నుంచి డ్రాగ్ లింక్‌ను విడదీస్తారు. అప్పుడే చేతికి బాక్సు ఒక్కదాని బిగువే తెలుస్తుంది. పక్క మూత మీది మరను ముందుగా వదిలి, మేకులను గాడిలో స్వేచ్ఛగా ఉంచుతారు. తర్వాత పై మూత కింది షిమ్‌లను ఒక్కొక్కటీ తీస్తూ కడ్డీ పైకీ కిందికీ ఆడకుండా, అలాగని బేరింగులు నొక్కుకుపోకుండా చూస్తారు. అది కుదిరాక స్టీరింగును ఒక చివర నుంచి మరో చివరకు తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా మధ్యకు తెస్తారు. అక్కడ పక్క మరను మెల్లగా బిగిస్తూ, మధ్య స్థానం దాటేటప్పుడు మాత్రం అతి స్వల్పమైన అడ్డు తగిలేదాకా తెచ్చి, లాక్ నట్టు వేస్తారు. చక్రాలు పక్కకు తిరిగి ఉన్నప్పుడు బిగిస్తే, మధ్యకు రాగానే మేకులు గాడిని కొరికేస్తాయి.

మిగతా అతుకుల ఆటను కప్పిపుచ్చడానికి బాక్సును అతిగా బిగించినప్పుడు ఏమవుతుందో చెప్పాలంటే మరో విషయం కావాలి. ముందు చక్రాలు తిరిగే అక్షం నిట్టనిలువుగా ఉండదు. ఈ జీపుల్లో అది వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంటుంది. సైకిల్ ముందు ఫోర్కు వాలు కూడా ఇలాంటిదే, ఇంకా ఎక్కువ. వాలిన అక్షాన్ని నేల దాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటికి దాదాపు 2 సెం.మీ. ముందు తగులుతుంది. అంటే టైరును రోడ్డు ఎప్పుడూ వెనక్కి లాగుతుంటుంది, బండి కదిలేకొద్దీ చక్రం తిన్నబడుతుంటుంది. మలుపు తిరిగాక స్టీరింగు దానంతట అదే వెనక్కి రావడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ శక్తి చిన్నది. అతిగా బిగించిన బాక్సు రాపిడి దాన్ని మింగేస్తుంది. స్టీరింగు తిప్పినచోటే ఉండిపోతుంది. డ్రైవరు వెనక్కి తిప్పుతాడు, ఎక్కువవుతుంది, మళ్ళీ ఇటు తిప్పుతాడు. లూజు పోగొట్టుకున్నామనుకున్న బండి మునుపటికంటే ఎక్కువగా ఊగిసలాడుతుంది. లోపల గాడి మీది గట్టి పొర లేచిపోతే ఇక బాక్సునే మార్చాలి.

వణుకు

వదులైన స్టీరింగుకు భయపెట్టే మరో రూపం ఉంది. ఒకానొక వేగంలో చిన్న గుంత తగలగానే ముందు చక్రాలు టపటపమని ఇటూ అటూ కొట్టుకోవడం మొదలవుతుంది. స్టీరింగు చేతుల్లోంచి ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. వేగం బాగా తగ్గిస్తే గానీ ఆగదు. 1920లలో ఇది మోటారు పరిశ్రమకు పెద్ద తలనొప్పి. ఆ రోజుల్లో భుజాలు వణికించే ఒక నృత్యం పేరు మీద దీనికి ‘షిమ్మీ’ అని పేరొచ్చింది. ఫ్రెంచి ఇంజనీర్లు దీని మీద లోతైన పరిశోధనలు చేశారు. ఊయలను ఎవరో వేళకు తోస్తున్నట్టు, బండి ముందుకు పోయే శక్తిలోంచే చక్రాల ఊపు తనకు కావలసింది లాక్కుంటుంది. కీళ్ళలో ఆట లేకపోతే చిన్న ఊపులు రాపిడికి చచ్చిపోతాయి. ఆట ఉన్నప్పుడు ఆ ఖాళీ మేరకు చక్రాన్ని పట్టేవాళ్ళే ఉండరు, ఊపు పెరుగుతుంది. కొందరు దీనికి స్టీరింగ్ డ్యాంపర్ తగిలించి ఊరుకుంటారు. వణుకు ఆగుతుంది, అరిగిన కీలు అలాగే ఉంటుంది.

సుద్దముక్క, టేపు

కీళ్ళన్నీ సరయ్యాక చక్రాల వరస చూస్తారు. పై నుంచి చూస్తే ముందు చక్రాలు ఒకదానికొకటి సరిగ్గా సమాంతరంగా ఉండవు. ముందువైపు 1.2 నుంచి 2.4 మి.మీ. దాకా దగ్గరగా ఉండాలి. దీన్నే టో-ఇన్ అంటారు. బండి కదిలేటప్పుడు టైర్ల మీది లాగుడుకు అతుకులు కాస్త సర్దుకుని చక్రాలు సమాంతరమవుతాయి. కంప్యూటరు అలైన్‌మెంట్ లేని రోజుల్లో దీన్ని కొలిచిన తీరు ఇప్పటికీ పనికొస్తుంది. టైర్ల నడుమ సుద్దతో పట్టీలా పూసి, చక్రం తిప్పుతూ మేకుతో సన్నటి గీత గీస్తారు. ఇరుసు ఎత్తులో వెనుకవైపు రెండు గీతల మధ్య దూరం కొలుస్తారు. ఆ చోట గుర్తు పెట్టి, అదే గుర్తు ముందుకు వచ్చేలా బండిని అర చుట్టు ముందుకు తోసి మళ్ళీ కొలుస్తారు. రెండుసార్లూ టైరు మీద ఒకే బిందువును కొలిచారు కనుక రిమ్ము వంకర లెక్కలోకి రాదు. బండిని వెనక్కి తోస్తే మాత్రం అతుకులు అవతలి వైపు సర్దుకుని కొలత తప్పుతుంది. టై రాడ్ గొట్టాన్ని తిప్పుతూ తేడాను సరిచేసి క్లాంపులు బిగిస్తారు. తగ్గించినా పెంచినా బెల్ క్రాంక్ మధ్యలోనే ఉండేలా రెండు పక్కలా చూసుకోవాలి. లేకపోతే స్టీరింగు తిన్నగా ఉన్నప్పుడు బాక్సు మధ్యలో ఉండదు, ఎత్తుగా చెక్కిన ఆ గాడి వల్ల లాభమే ఉండదు.

మిగిలింది స్ప్లిట్ పిన్నులు. ఒకసారి వంచి తీసిన పిన్నును మళ్ళీ వాడరు. టై రాడ్ నట్టు చెప్పిన బిగువుకు చేరాక రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలుపుతారు, వెనక్కి వదిలి కాదు. ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో మొదటి పరుగు పెడతారు. మలుపు తిప్పి చేతులు సడలిస్తే స్టీరింగు వెనక్కి వస్తోందా, బ్రేకు వేస్తే ఒక పక్కకు లాగుతోందా అని చూస్తారు. కొత్త బుష్‌లు, బంతి గిన్నెలు కూర్చోవడానికి కొంత సమయం తీసుకుంటాయి. వంద కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్ళీ చదునైన నేల మీద నిలిపి, ఇంజిన్ ఆపి, ఒకరు స్టీరింగు ఊపుతుంటే మరొకరు కిందికి దూరి బాక్సు బోల్టుల నుంచి మొదలుపెట్టి వరసగా అన్నిటి మీదా వేలు పెట్టి చూస్తారు.